కొల్లూరు రాయి, స్వాలోఫీల్డ్ మేడ

ఏటి ఒడ్డు ఊళ్లు – 9

పోయినవారం హెన్లీ దగ్గర థేమ్స్ గట్టున ఆగాం. ఈవారం పెద్ద నదిని వదిలేసి పక్కకు తిరుగుదాం. హెన్లీకి కాస్త ఎగువన వార్‌గ్రేవ్ అనే ఊరి దగ్గర లాడన్ అనే చిన్న ఏరు వచ్చి థేమ్స్‌లో కలుస్తుంది. బేసింగ్‌స్టోక్ పట్నంలో పుట్టి 28 మైళ్లు నడిచేసరికి దాని ప్రయాణం అయిపోతుంది. మనవైపైతే దాన్ని నది అనం, వాగు అంటాం. ఇంగ్లీషువాళ్లకు మాత్రం అది నదే. కవి అలెగ్జాండర్ పోప్ దాన్ని ‘లొడోనా’ అనే వనకన్యను చేసి, ఒక అటవీ దేవుడు వెంటపడితే కన్నీరై కరిగి ఏరైపోయిందని కథ కూడా కట్టాడు. ఈ పోప్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

ఆ లాడన్ గట్టునే ఎగువకు నడిస్తే, రెడింగ్ నగరానికి దక్షిణంగా ఐదారు మైళ్ల దూరంలో స్వాలోఫీల్డ్ అనే పల్లె ఉంది. ఇంగ్లండు పటంలో దానికంటూ ప్రత్యేకత ఏమీ కనిపించదు. కోట లేదు, యుద్ధం జరగలేదు, రాజెవరూ అక్కడ పుట్టలేదు. అయినా తొమ్మిదో భాగానికి దాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ పల్లెలో ఒక పెద్ద మేడ ఉంది. వందేళ్ల తేడాలో ఆ మేడకు రెండుసార్లు మనవైపు నుంచి డబ్బు వెళ్లింది. మొదటిసారి కృష్ణ ఒడ్డు నుంచి, రెండోసారి మూసీ ఒడ్డు నుంచి.

ముందు పేరు సంగతి. స్వాలో అంటే మన వానకోవెల పిట్ట కాబట్టి ఇది పిట్టల పొలం అనుకుంటే పొరపాటు. పేర్ల పుట్టుక తవ్వే పండితులు ఇందులో ఒక పాత ఏటి పేరును చూస్తారు. ఉరుకుతూ, సుడులు తిరుగుతూ పోయే నీరని ఆ మాటకు అర్థం. దాని పక్కనున్న బయలు స్వాలోఫీల్డ్ అయింది. అలా ఊరికి నీటి పేరే మిగిలింది. 1086లో విలియం రాజు భూములన్నీ లెక్కగట్టించిన డూమ్స్‌డే దస్తరంలోనే ఈ ఊరుంది. నీటికి ఇక్కడ కొదవ లేదు. వైట్‌వాటర్ వచ్చి బ్లాక్‌వాటర్‌లో కలుస్తుంది, బ్లాక్‌వాటర్ వచ్చి లాడన్‌లో కలుస్తుంది. పేర్లు తెల్లనీరు, నల్లనీరు. చలికాలపు వానలకు ఇవన్నీ ఒకేసారి పొంగితే ఊరి రోడ్లు మునుగుతాయి. ఏటి ఒడ్డు ఊరికి ఎక్కడైనా తప్పని పాటే అది.

ఇంకో వింత కూడా చెప్పి ముందుకు పోతాను. ఊరున్నది బర్క్‌షైర్‌లో. కానీ 1844 దాకా ఈ పారిష్‌లో కొన్ని ముక్కలు ఎక్కడో దూరంగా ఉన్న విల్ట్‌షైర్ జిల్లాకు చెందేవి. నిజాం రాజ్యం నడుమ బ్రిటిషు ముక్క, బ్రిటిషు నేలలో సంస్థానం ముక్క చూసిన మనకు ఇది వింత కాకపోవచ్చు. పాపం, అక్కడి రైతు పన్ను కట్టాలంటే ఏ కచేరీకి పోవాలో ముందు కనుక్కోవాలి.

ఇక మేడ. ఇప్పుడున్న ఇల్లు కట్టకముందు కూడా అక్కడ ఒక పాత ఇల్లుండేది. 1582 నుంచి అది బ్యాక్‌హౌస్ అనే లండన్ వర్తక కుటుంబానిది. 1601లో ఎలిజబెత్ రాణి అక్కడికి వచ్చింది. ఆ కుటుంబంలో పుట్టిన విలియం బ్యాక్‌హౌస్‌కు వర్తకం పట్టలేదు, పరుసవేది పిచ్చి పట్టింది. ఇనుమును బంగారం చేసే రాయి కోసం కొలిమి ముందు కూర్చున్న పెద్దమనిషి ఆయన. 1651లో ఎలియాస్ ఆష్‌మోల్ అనే మనిషిని, మన గురుపరంపరలో లాగే, విద్యకు కొడుకుగా స్వీకరించాడు. రెండేళ్లకు జబ్బుపడి, ఇక బతకననుకుని, పరుసవేది అసలు రహస్యం ఆ శిష్యుడి చెవిలో చెప్పాడట. ఈ సంగతి ఆష్‌మోల్ తన దినచర్యలో రాసుకున్నాడు, రహస్యమేమిటో మాత్రం రాయలేదు. గురువు కోలుకుని మరో తొమ్మిదేళ్లు బతికాడు. బంగారం చేసినట్టు దాఖలా ఎక్కడా లేదు. శిష్యుడు తన సేకరణంతా ఆక్స్‌ఫర్డుకు ఇచ్చాడు. 1683లో తెరిచిన ఆష్‌మోలియన్ మ్యూజియం అలా పుట్టింది. రాయి కోసం కలలు కన్న ఆ ఇంటికే తర్వాత నిజంగా ఒక రాయి డబ్బు నడిచి వస్తుందని బ్యాక్‌హౌస్‌కు తెలిసే వీలు లేదు.

ఆయన కూతురు ఫ్లవర్. పేరుకు తగ్గట్టే పూలంటే ప్రాణం. ఆమెను క్లారెండన్ రెండో ప్రభువు హెన్రీ హైడ్ పెళ్లాడటంతో స్వాలోఫీల్డ్ ఆయన చేతికొచ్చింది. 1685 అక్టోబరులో వీళ్లింటికి జాన్ ఈవ్లిన్ వచ్చాడు. ఇంగ్లండులో తోటల గురించి ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియని రోజులవి. దినచర్య రాయడంలోనూ అందెవేసిన చెయ్యి. ఇంటావిడకు మొక్కల మీదున్న పట్టును మెచ్చుకున్నాడు. వెయ్యి యాపిల్ చెట్ల తోటను లెక్కపెట్టాడు. నల్లనీరు పారే కాలువ ఒకటి, తెల్లనీరు పారేది ఒకటి, వాటిలో ఇన్ని చేపలు తానెక్కడా చూడలేదని రాసుకున్నాడు. పల్లపు నేలలో నీటిని ఇంత అందంగా మళ్లించడం ఆయనకు నచ్చింది. మనకిక్కడ కావలసింది ఒక్కటే: ఈ ఊరి గొప్పతనానికి మొదటి సాక్ష్యం ఇల్లు కాదు, ఏరు.

ఇల్లు తర్వాత వచ్చింది. 1689లో క్లారెండన్ ప్రభువు విలియం టాల్‌మన్ అనే వాస్తుశిల్పిని పిలిచి, పాత ఇల్లు తీసేసి కొత్త మేడకు పునాది వేయించాడు. సరిగ్గా అప్పుడే దేశంలో రాజు మారాడు. పారిపోయిన రెండో జేమ్స్ ఈయనకు స్వయానా బావ, అక్క మొగుడు. కొత్త రాజుకు విధేయత ప్రమాణం చేయనన్నందుకు 1690లో క్లారెండన్‌ను లండన్ టవర్‌లో పెట్టారు. ఇక్కడ గోడలు లేస్తుంటే యజమాని అక్కడ చెరలో ఉన్నాడు. ఆ టాల్‌మన్ చెక్కించిన రాతి ద్వారం ఒకటి ఇప్పటికీ తోట దగ్గర నిలబడి ఉంది.

ఇక మన రాయి కథ.

థామస్ పిట్ 1653లో డార్సెట్‌లో ఒక చర్చి పూజారి కొడుకుగా పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో మన తీరానికి వచ్చి, ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా దొంగ వ్యాపారం మొదలుపెట్టాడు. కంపెనీ పట్టుకుంది, జరిమానా వేసింది, చివరకు లాభం లేదని తనలోనే కలిపేసుకుంది. అల్లరి పిల్లాణ్నే క్లాసు లీడరు చేసినట్టు, 1698లో మద్రాసు కోటకు గవర్నరును చేసింది. జీతం ఏడాదికి 300 పౌన్లు. జీతం ఎంతైతేనేం, సొంత వ్యాపారానికి అడ్డు లేదు.

1701 చివర్లో జమ్‌చంద్ అనే వజ్రాల వర్తకుడు ఒక పెద్ద రాయి పట్టుకుని పిట్ దగ్గరకు వచ్చాడు. సానపట్టని ముడి వజ్రం, తూకం 410 క్యారట్లు. మన లెక్కలో ఏడు తులాల పైమాటే. రెండు లక్షల వరహాలన్నాడు జమ్‌చంద్. పిట్ నవ్వి పంపేశాడు. నెలల తరబడి వస్తూ పోతూ బేరం సాగింది. నడుమ ‘వింకటీ చిట్టీ’ అనే పెద్దమనిషి మధ్యవర్తిత్వం చేశాడని పిట్ తర్వాత రాసిన కాగితంలో ఉంది. ఆ ఇంగ్లీషు స్పెల్లింగు వెనక దాక్కున్న వెంకట చెట్టిని గుర్తుపట్టడానికి మనకు పండితులు అక్కర్లేదు. చివరకు 1702లో 48,000 వరహాలకు బేరం తెగింది. అంటే 20,400 పౌన్లు. గవర్నరుగారి జీతం పైసా ముట్టకుండా దాచుకుంటే 68 ఏళ్లు పట్టే మొత్తం.

రాయి ఎక్కడిది? ఎక్కువమంది చెప్పేది కొల్లూరు. బాపట్ల జిల్లా కొల్లూరు కాదు, పల్నాడులో బెల్లంకొండ పక్కన కృష్ణ ఒడ్డున ఉండే కొల్లూరు. పరిటాల గని అనేవాళ్లూ ఉన్నారు. అదీ కృష్ణ పరగణాయే, ఇప్పుడు హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద పెద్ద ఆంజనేయ విగ్రహం కనిపించే పరిటాల. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1645 ప్రాంతంలో కొల్లూరు వచ్చి, గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వేవాళ్లు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవాళ్లు. గోల్కొండ వజ్రాలని లోకం పేరు పెట్టింది కానీ గోల్కొండ అంగడి మాత్రమే. తవ్విన నేల కృష్ణ గట్టు.

ఈ రాయి చుట్టూ ఒక కథ కూడా అల్లుకుంది. గనిలో ఒక బానిస దాన్ని చూసి, పిక్క కోసుకుని, గాయంలో దాచి, కట్టు కట్టుకుని తీరానికి పారిపోయాడట. నన్ను ఓడెక్కిస్తే సగం వాటా నీదని ఒక ఇంగ్లీషు కెప్టెన్‌తో అన్నాడట. కెప్టెన్ రాయి తీసుకుని మనిషిని సముద్రంలోకి తోసేశాడట. తర్వాత రాయి జమ్‌చంద్‌కు అమ్మి, ఆ డబ్బు తగలేసి, చివరికి ఉరేసుకున్నాడట. కథకు రుజువు లేదు. ఇలాంటి రాళ్లకు ఇలాంటి కథలు మామూలే. నాకు ఆసక్తి కథ మీద కాదు, దాన్ని లండన్‌లో అందరూ నమ్మడం మీద. గవర్నరు దొంగసొత్తు కొన్నాడని, కాదు అసలు బెదిరించి లాక్కున్నాడని పుకార్లు లేచాయి. 1709లో పదవి ఊడి తిరిగి వెళ్తున్న పిట్, దారిలో నార్వేలోని బెర్గెన్‌లో ఆగినప్పుడు, 1710 జులైలో కూర్చుని తానేమీ తప్పు చేయలేదంటూ దేవుడి మీద ఒట్టేసి పెద్ద వాంగ్మూలం రాసి సీలు వేశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమని మనం ఎవర్ని చూసి అన్నామో గానీ, పిట్‌కు సరిగ్గా అతుకుతుంది. పై బేరం వివరాలన్నీ మనకు దక్కింది ఆ కాగితం వల్లే. ఆయన పోయాక కూడా పుకారు పోలేదు. మొదట చెప్పిన పోప్, 1733లో రాసిన ఒక వ్యంగ్య కావ్యంలో నిద్రపోతున్న భారతీయుడి దగ్గర రత్నం కొట్టేసిన గుమాస్తా బొమ్మ గీశాడు. ఎవరి గురించో చదివినవాళ్లకు చెప్పక్కర్లేకపోయింది.

రాయిని పిట్ 1702లోనే కొడుకు రాబర్ట్ చేతికిచ్చి ఇంగ్లండు పంపేశాడు. అక్కడ సానపట్టడానికే రెండేళ్లు పట్టింది. 410 క్యారట్లు 140 అయ్యాయి. రెండున్నర తులాలకు కొంచెం తక్కువ. కొనేవాడు దొరక్క పదిహేనేళ్లు తిరిగి తిరిగి, 1717లో ఫ్రాన్సును ఏలుతున్న రీజెంటు, ఓర్లియాన్స్ ప్రభువు ఫిలిప్, 1,35,000 పౌన్లకు కొన్నాడు. అప్పటి నుంచి దాని పేరు రీజెంట్ వజ్రం. ఫ్రెంచి విప్లవంలో 1792లో దొంగలెత్తుకుపోతే ఒక అటక మీద దొరికింది. నెపోలియన్ దాన్ని కత్తి పిడిలో పొదిగించుకున్నాడు.

డబ్బు చేతికొచ్చాక పిట్ భూములు కొన్నాడు. కార్న్‌వాల్‌లో బొకనాక్ ఎస్టేటు కొన్నాడు. క్లారెండన్ వంశం నుంచి స్వాలోఫీల్డ్ కొన్నాడు. అంతకుముందే ఓల్డ్ సారమ్ అనే పాడుదిబ్బ ఆయన చేతిలో ఉంది. మనుషులు లేకపోయినా పార్లమెంటుకు ఇద్దరు సభ్యుల్ని పంపే హక్కు ఆ దిబ్బకుండేది. వజ్రం భూమి అయింది, భూమి ఓటు అయింది, ఓటు మంత్రి పదవి అయింది. మనవడు విలియం పిట్ ఏడేళ్ల యుద్ధంలో ఇంగ్లండును నడిపించాడు. అమెరికాలో పిట్స్‌బర్గ్ అతని పేరే. అతని కొడుకు, రెండో విలియం పిట్, 24 ఏళ్లకే ప్రధానమంత్రి అయ్యాడు. 1784లో ఈస్టిండియా కంపెనీని ప్రభుత్వం అదుపులోకి తెచ్చిన చట్టాన్ని పిట్స్ ఇండియా చట్టమని మన పిల్లలు పోటీ పరీక్షలకు బట్టీ పడతారు కదా, ఆ పిట్ ఈయనే. కంపెనీ కన్నుగప్పి వ్యాపారం చేసిన ముత్తాత సొమ్ముతో ఎదిగిన వంశం, కంపెనీకే కళ్లెం వేసింది.

థామస్ పిట్ 1726 ఏప్రిల్ 28న స్వాలోఫీల్డ్ మేడలో చనిపోయాడు. పిల్లలతో ఎప్పుడూ పోట్లాటే, ఆయన ఉత్తరాల నిండా తిట్లే. ఇంత రాయి అమ్మీ సుఖపడ్డాడని చెప్పలేం. కొల్లూరు మాటకొస్తే, ఇప్పుడా ఊరు పులిచింతల జలాశయం కింద ఉంది.

పిట్ల తర్వాత మేడ చేతులు మారుతూ పోయి 1820లో రస్సెల్ కుటుంబం దగ్గర ఆగింది. కొన్నది సర్ హెన్రీ రస్సెల్, కలకత్తా సుప్రీంకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా చేసి వచ్చినాయన. విలియం అట్కిన్సన్ అనే శిల్పితో ఇటుక మేడకు కొత్త రూపు ఇప్పించారు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఇల్లు కట్టింది కూడా ఈ అట్కిన్సనే. కానీ మన కథలో ముఖ్యుడు తండ్రి కాదు, అదే పేరున్న కొడుకు హెన్రీ రస్సెల్. 1811 నుంచి 1820 దాకా హైదరాబాదులో బ్రిటిషు రెసిడెంటు. కోఠీలో ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఆవరణలో పెద్ద పెద్ద స్తంభాల భవనం ఉంది కదా, అదే ఈయన నివాసం. దాన్ని కట్టించింది అంతకుముందు రెసిడెంటు జేమ్స్ అఖిలీస్ కర్క్‌పాట్రిక్. గీసింది శామ్యూల్ రస్సెల్ అనే ఇంజనీరు. ఇంటిపేరు ఒకటే కావడంతో చాలామంది తికమక పడతారు గానీ, ఈ శామ్యూలు వేరు.

కర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథ విలియం డాల్‌రింపుల్ ‘వైట్ మొగల్స్’ చదివినవాళ్లకు తెలిసిందే. తెలియనివాళ్లకు నాలుగు ముక్కల్లో చెబుతాను. నగరంలో పెద్దింటి అమ్మాయి ఖైరున్నీసాను కర్క్‌పాట్రిక్ పెళ్లాడాడు. కొడుకు, కూతురు పుట్టారు. 1805లో, నాలుగేళ్లవాడినీ మూడేళ్ల పిల్లనూ మద్రాసులో ఓడెక్కించి ఇంగ్లండులో తాతగారింటికి పంపేశారు. ఎక్కించేముందు జార్జి చినరీ అనే చిత్రకారుడు మద్రాసులో వాళ్ల బొమ్మ గీశాడు. హైదరాబాదీ దుస్తుల్లో అన్నాచెల్లెళ్లు, మెట్ల మీద నిలబడి ఉంటారు. అదే ఏడాది అక్టోబరులో తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి పిల్లల్ని మళ్లీ చూడలేదు.

ఇక్కడే హెన్రీ రస్సెల్ వస్తాడు. అప్పటికి రెసిడెన్సీలో సహాయకుడు, ఇరవై రెండేళ్లవాడు. పంతొమ్మిదేళ్ల వితంతువుకు అండగా నిలిచినట్టు కనిపించాడు. దగ్గరయ్యాడు. నగరంలో దివాను మీర్ ఆలం ఆమెను రానివ్వకపోవడంతో ఆమె బందరులో ఉండాల్సి వచ్చింది. తన ఊరు కాని ఊళ్లో, ఉప్పుగాలిలో, వస్తానన్న మనిషి కోసం. రస్సెల్ మద్రాసు వెళ్లి, 1808లో అక్కడ ఒక దొరగారి అమ్మాయిని పెళ్లాడాడు. ఆ పెళ్లికూతురు కొన్ని నెలలకే కన్నుమూసింది. అదంతా అయ్యాక, రెసిడెంటు హోదాలో అతను హైదరాబాదు తిరిగొచ్చాడు. బందరు నుంచి తిరిగొచ్చిన ఖైరున్నీసా 1813 సెప్టెంబరులో రెసిడెన్సీలోనే చనిపోయింది. అప్పటికామెకు ఇరవై ఏడేళ్లు. తాను చేసిందేమిటో రస్సెల్ తన తమ్ముడికి రాసిన ఉత్తరాల్లో ఉంది. ఆ కాగితాల కట్టలు స్వాలోఫీల్డ్ బీరువాల్లో నిలవున్నాయి. ఇప్పుడవి ఆక్స్‌ఫర్డు బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. చరిత్రకారులు ఆయన్ను మెచ్చుకోవడానికి ఆ కాగితాల్లో పెద్దగా ఏమీ దొరకలేదు.

డబ్బు విషయంలోనూ అంతే. ఆ రోజుల్లో హైదరాబాదులో విలియం పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపారం నిజాం ప్రభుత్వానికి లక్షల్లో అప్పులిచ్చి, పేష్కారు చందూలాల్ దన్నుతో రాజ్యాన్ని పిండేసింది. రెసిడెంటుకు అందులో చాటుగా వాటా ఉందన్న ఆరోపణ అప్పుడే వచ్చింది. విచారణ ముదిరేలోపు 1820లో రస్సెల్ పదవి వదిలి ఇంగ్లండు వెళ్లిపోయాడు. అదే ఏడాది కుటుంబం స్వాలోఫీల్డ్ కొన్నది. రెంటికీ ముడిపెట్టే రసీదు నా దగ్గర లేదు, మొదటి కొనుగోలు తండ్రి పేరు మీదే జరిగింది కూడా. కానీ తర్వాతి ముప్పై ఏళ్లు ఆ మేడ నడిచింది ఎవరి సొమ్ముతో అని అడిగితే, మూసీ పేరు చెప్పక తప్పదు.

1840లలో ఒకరోజు ఆ మేడకు ఇంగ్లండులోనే ఉన్న టార్కీ పట్నం నుంచి వచ్చిన ఒక నడివయసు స్త్రీ అతిథిగా అడుగుపెట్టింది. మిసెస్ కిటీ ఫిలిప్స్. రచయిత థామస్ కార్లైల్ యువకుడిగా ఉన్న రోజుల్లో అతని మనసు దోచుకున్న అందగత్తె. ఆమెకు గోడ మీద ఒక పటం కనిపించింది. ఇద్దరు పిల్లలు, హైదరాబాదీ జరీ దుస్తులు. అందులో చిన్నది తానే. చినరీ పటం ఖైరున్నీసా దగ్గర నుంచి ఎలా ఎలాగో రస్సెల్ చేతికి చేరి, ఏడు సముద్రాలు దాటి, ఈ పల్లెటూరి మేడ గోడ ఎక్కింది. కిటీ అక్కడే నిలబడి ఏడ్చేసిందట. ఆ రోజుల్లోనే ఆమెకు తెలిసింది, హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బతికే ఉందని. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి, అమ్మమ్మ పార్శీలో, మనవరాలు ఇంగ్లీషులో. కలుసుకోలేదు. రస్సెల్ తన వీలునామాలో పటాన్ని కిటీకి రాశాడు. ఆయన చేసిన మంచిపనుల లెక్కలో దీన్ని తప్పక వేయాలి, లెక్క చిన్నదే అయినా.

హైదరాబాదులో అన్నతో పాటే ఉండి, ఆ ఉత్తరాలన్నీ అందుకున్న తమ్ముడు చార్లెస్ రస్సెల్ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వదలాలని లేదు గానీ, చోటు చాలదు. రెడింగ్ ఎంపీ అయ్యాడు. 1839 నుంచి 1855 దాకా గ్రేట్ వెస్టర్న్ రైల్వేకు ఛైర్మన్. బ్రూనెల్ అనే ఇంజనీరు వేసిన ఆ లైను 1840లో రెడింగ్ చేరింది. స్వాలోఫీల్డ్‌కు మాత్రం రైలు రాలేదు, ఇప్పటికీ లేదు.

ఊరి చివరి ప్రముఖురాలు రచయిత్రి మేరీ రస్సెల్ మిట్‌ఫర్డ్. మళ్లీ రస్సెల్! ఈమె వేరు, మేడ రస్సెళ్లకు చుట్టం కాదు, స్నేహితురాలు. పదేళ్ల వయసులో పట్టుబట్టి నంబరు ఎంచుకుంటే లాటరీలో 20,000 పౌన్లు తగిలాయి. పిట్ వజ్రం కొన్న ధర దాదాపు ఇంతే! తండ్రి పేకాటకు, ఆర్భాటాలకు అంతా హరించాడు. పిల్ల కలం పట్టి ఇంటిని పోషించింది. స్వాలోఫీల్డ్‌కు రెండు మూడు మైళ్ల దూరంలోని త్రీ మైల్ క్రాస్ అనే పల్లెలో ఒక చిన్న ఇంట్లో ముప్పై ఏళ్లుండి, ‘అవర్ విలేజ్’ అని ఊరి ముచ్చట్లు ఐదు సంపుటాలు (1824–32) రాసింది. చెప్పులు కుట్టేవాడు, క్రికెట్ పోటీ, వయొలెట్ పూలు, వడగళ్ల వాన, ఇవే కథలు. పల్లెను పల్లెగా రాయడం ఇంగ్లీషులో ఈమెతో కొత్త మలుపు తిరిగిందని నా అభిప్రాయం. ఆ ఇల్లు కూలేలా ఉందని 1851లో స్వాలోఫీల్డ్‌కు మారింది. మరుసటి ఏడాది డిసెంబరులో మేడ పార్కులో గుర్రపు బండి తిరగబడి దెబ్బతింది, ఇక లేచి తిరగలేదు. కిటికీ పక్కన పడుకునే రాస్తూ 1855 జనవరి 10న పోయింది. ఆల్ సెయింట్స్ చర్చి ఆవరణలో సమాధి ఉంది. పిట్ సమాధి ఇక్కడ లేదు, డార్సెట్‌లో సొంత ఊళ్లో పూడ్చారు.

ఇప్పటి ఊరు ఎలా ఉంటుందని అడుగుతారు. పాలన పారిష్ కౌన్సిల్‌ది. 1894 చట్టంతో పుట్టిన వ్యవస్థ అది, మన పంచాయతీకి దూరపు చుట్టం, కానీ అధికారాలు తక్కువ. కాలిబాటలు, ఆటస్థలం, బెంచీలు, నోటీసు బోర్డులు, అలాంటివే దాని పని. సొంతంగా పన్ను వసూలు చేయదు. ఏటా ఇంత కావాలని లెక్క పంపితే వోకింగ్‌హామ్ బరో వాళ్లు తమ పన్నుతో కలిపి వసూలు చేసి ఇస్తారు. ఊరికి సమావేశ మందిరం ఉంది, డాక్టర్ల క్లినిక్ ఉంది, క్రికెట్ మైదానం ఉంది. ‘జార్జ్ అండ్ డ్రాగన్’ అనే పబ్బు ఉంది. సారా కొట్టని అనువదిస్తే అన్యాయం. ఇంగ్లీషు పల్లెలో పబ్బంటే మన రచ్చబండకు పైకప్పు వేసి, పొయ్యి పెట్టి, భోజనం కలిపినట్టు. ఆగస్టు చివర్లో స్వాలోఫీల్డ్ షో జరుగుతుంది. గుమ్మడికాయలు, ఉల్లిపాయలు, డాలియాలు, జాము సీసాలు, కుక్కల పోటీ. దేవుడు లేని తిరునాళ్లు అనుకోండి.

ఆల్డర్‌షాట్ వైపు నుంచి బ్లాక్‌వాటర్ నది వెంట వచ్చే 23 మైళ్ల కాలిబాట ఈ ఊరి దగ్గరే ముగుస్తుంది. ఎండాకాలం మొదట్లో ఏటి గట్ల మీద తెల్లటి గంటల్లాంటి పూలు పూస్తాయి, రేకుల అంచున ఆకుపచ్చ చుక్కతో. లాడన్ లిల్లీ అని ఏటి పేరే పెట్టారు. క్లారెండన్ దొరసాని తోట పోయింది గానీ, ఎవరూ నాటని ఈ పువ్వు మిగిలింది.

మేడ కూడా ఉంది. రస్సెల్ కుటుంబం తర్వాత చేతులు మారి, ఇప్పుడు లోపల అపార్టుమెంట్లు.

రెడింగ్ చుట్టుపక్కల కంప్యూటర్ ఉద్యోగాల్లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక మాట. ఆదివారం పూట పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లిరండి, కారులో పావుగంట, ఇరవై నిమిషాల దారి. మేడ సొంత ఆస్తి కాబట్టి గేటు దాటకండి, చర్చి ఆవరణలో మిట్‌ఫర్డ్ సమాధి చూడండి, బ్లాక్‌వాటర్ లాడన్‌లో కలిసే వైపు కాసేపు నడవండి. చలికాలమైతే మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తప్పనిసరి. చినరీ పటం అక్కడ లేదు, ఒక బ్యాంకు సొత్తుగా హాంగ్‌కాంగ్‌కు చేరింది. రాయి చూడాలంటే మాత్రం లండన్ నుంచి రైలెక్కి పారిస్ వెళ్లాలి. లూవ్రే మ్యూజియం. మంగళవారం సెలవు.